గుడి చుట్టూ నూరు మీటర్లు

పాలంపేట అంటే తెలియనివారుండవచ్చు గాని, రామప్ప అంటే తెలియని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఏటా ఏదో ఒక డిపార్టుమెంటు వారు బస్సు మాట్లాడుకుని వెళ్లి, నాగిని శిల్పం ముందు ఫోటోలు దిగి, చెరువు కట్ట మీద పులిహోర తిని రావడం మన ఆనవాయితీ. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021 జూలై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణలో ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం అదే.

మన సైన్సు వాళ్లకు అక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది. శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. లోపలంతా సన్నని రంధ్రాలు. అందుకే దాని సాంద్రత నీటి సాంద్రత కంటే తక్కువ. పైన బరువు తగ్గితే కింద రాతి దూలాల మీదా, ఇసుక నింపిన పునాది మీదా భారం తగ్గుతుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని మనం పరీక్ష కోసం బట్టీపడితే, ఆ పనివాళ్లు తేలికదనాన్ని గుడి నెత్తిన పెట్టి చూపించారు!

కాని నేను రైతు బిడ్డను. నా చూపు గుడి కంటే ముందు చెరువు మీదికి పోతుంది. గుడి కట్టించిన రుద్రుడే ఆ చెరువునూ కట్టించాడు. ఎనిమిది వందల ఏండ్లు దాటినా ఆ నీళ్లతో ఇప్పటికీ వరి పండుతున్నది. కట్టకు గండి పడితే పూడ్చుకున్నారు, తూము పూడితే తీసుకున్నారు. అక్కర ఉన్నవాళ్లు చుట్టూ ఉన్నారు కనుక చెరువు బతికింది.

గుడికీ దిక్కున్నవాళ్లు దొరికారు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు మొదటి అధిపతి గులాం యజ్దానీ. ఆయన పాలంపేట గుళ్ల మీద రాసిన పుస్తకం 1922లో వెలువడింది. తరువాత కేంద్ర రక్షణ వచ్చింది, ఇప్పుడు యునెస్కో వచ్చింది. మరి ములుగు, భూపాలపల్లి పల్లెల్లో చెట్లు మొలిచి, పేరు కూడా మరిచిపోయిన చిన్న గుళ్ల మాటేమిటి?

మా పొలం గట్టున అట్లాంటిది ఒకటుంది. నాలుగు స్తంభాలు, దూలం మీద అరిగిపోయిన హంసల వరుస, అంతే. నాలుగేండ్ల కింద ఎవరో గుప్తనిధుల కోసం రాత్రిపూట పానవట్టం పెకిలించి నిలువు లోతు గుంత తవ్వారు. తెల్లారి చూస్తే లింగం వరి మడిలో పడి ఉంది. మా బాపు, చిన్నాయన దాన్ని మోసుకొచ్చి లోపల పెట్టారు. గుంతలో మన్ను పోశారు గాని, ప్రతి వానాకాలం అది కుంగుతూనే ఉంది. ఒక స్తంభం అటు వైపు ఒరుగుతున్నది. పోయిన ఏడు దారానికి రాయి కట్టి కొలిచాను: పైభాగం నాలుగంగుళాలు పక్కకు పోయింది. ఈ ఏడు అయిదయింది.

సర్కారుకు దరఖాస్తు పెడదామన్నాను. బాపు వినలేదు.

"వద్దు బిడ్డా. ఆడ బోర్డు పాతితె మన జాగల మనం తట్టెడు మన్ను పొయ్యలేం."

చదువుకోని మనిషి భయపడుతున్నాడని అనుకుంటే పొరపాటు. చట్టం తెచ్చి చదివాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం, కేంద్ర రక్షణలోని కట్టడం హద్దు నుంచి నూరు మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఉన్న ఇంటిని బాగుచేసుకోవాలన్నా అనుమతి కావాలి. ఆ తరువాతి రెండు వందల మీటర్లలో అనుమతి లేనిదే కట్టరాదు. రామప్ప అయినా నాలుగు స్తంభాల గుడి అయినా ఆ నూరు మీటర్లకు తగ్గదు.

లెక్క వేయండి. నూరు మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే 31,416 చదరపు మీటర్లు. అంటే దాదాపు ఏడెకరాల ముప్పయి గుంటలు. మాది మూడెకరాలు. మొత్తం ఆ సున్నాలోనే పడుతుంది!

బాపుకు తెలియని సంగతులూ అందులో ఉన్నాయి. చట్టం ఆపేది నిర్మాణాన్ని గాని, నాగలిని కాదు. రక్షిత కట్టడంగా ప్రకటించే ముందు రెండు నెలల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం కట్టడం దగ్గర అంటించాలి. సంబంధం ఉన్న ఎవరైనా ఆక్షేపణ చెప్పుకోవచ్చు. ఇదంతా సెలవుల్లో కూర్చోబెట్టి చెప్పాను. బాపు ఓపికగా విని ఒక్కటే అడిగాడు:

"గుడి నిలవడుతది, మంచిదే. మరి నీ తమ్ముడు ఇల్లు యాడ కట్టుకుంటడు?"

చట్టంలో దానికి జవాబు వెతికాను, దొరకలేదు. గుడి సైజును బట్టి హద్దు ఉండాలి. ఇల్లు కట్టుకునే వీలు పోయిన రైతుకు ఊళ్లోనే మరోచోట జాగా చూపాలి. అప్పుడు గుడిని దాచిపెట్టే అవసరం రైతుకు ఉండదు. ఇప్పుడైతే గుడి ఉన్నదని చెప్పినవాడే నష్టపోతాడు. అందుకే ఎందరో నోరు మెదపరు. ఆ మౌనంలో దొంగలు తవ్వుకుపోతున్నారు.

మిత్రులారా, మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. ఈ సెలవుల్లో మీ ఊరి గుడిని, రాతి శాసనాన్ని కొలిచి, ఫోటో తీసి, రాసిపెట్టండి. ఆ జాగా ఎవరిదో వారి మాట కూడా పక్కన రాయండి. హిస్టరీ వాళ్లు అక్షరాలు చదువుతారు, మన సైన్సు వాళ్లు ఒరుగు కొలుస్తారు. ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టుకుని, ఆ తరువాతే ఆఫీసుకు పోదాం.

మా గుడి కొలతలతో దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. బాపు సంతకం లేకుండా పంపను. వానలు పడేలోగా ఆ గుంతలో రాళ్లు నింపి, స్తంభానికి మద్దికర్ర ఆసరా పెడదామంటే మాత్రం ఆయన సరేనన్నాడు.