రెక్క ఊపిన జవాబు



మాట అడిగిన మాటతోనే జవాబు చెప్పవలెనని ముప్పది యేండ్లు బడిపిల్లలకు నేర్పిన ఉపాధ్యాయుడను నేను. మా ఊరు నిజామాబాదు జిల్లాలోని రుద్రూరు. పేరు పిలిచినప్పుడు నోరు తెరచి పలుకని పిల్లవానికి, వాడు నా యెదుట కూర్చుండినను, హాజరు వేయక విడిచిన దినములు కలవు. ఆ నియమమునే ఇంటిలో నా కుమారునిపైని కూడ మోపితిని. అది ఎంత కఠినమైన నియమమో, అరువది యెనిమిదవ యేట పరదేశమందు ఒక చిన్న విమానములో కూర్చుండి నేర్చుకొంటిని.

నా కుమారుడు చిన్ననాటినుండి మితభాషి. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటయందు విమానముల ప్రదర్శన జరిగినప్పుడు వానిని బస్సులో తోడుకొని పోతిని. ఇద్దరమును గోడ వెలుపలనే నిలిచి, తలలు పైకెత్తి సాయంకాలము వరకు చూచితిమి. "ఎట్లున్నదిరా?" అని అడిగితిని. వాడు పలుకలేదు. ఇంటికి వచ్చిన తరువాత అట్టముక్కలతో ఒక విమానము చేసి దూలమునకు వ్రేలాడగట్టెను. పెద్దవాడై అమెరికాలో ఉద్యోగము చేయుచు, విమానము నడుపుట నేర్చి అనుమతిపత్రము పొందెను.

2021 మే నెలలో కరోనా వ్యాధితో వాని తల్లి చనిపోయెను. వాడు రాలేకపోయెను. మన దేశమునుండి వచ్చు పరదేశీయులు అమెరికాలో ప్రవేశింపకుండ అక్కడి ప్రభుత్వము ఆ నెలలోనే ఆంక్ష పెట్టెను; వచ్చినయెడల తిరిగి పనికి పోలేడు. అది నేనెరుగుదును. కాని ఫోనులో వాడు దుఃఖపు మాట ఒక్కటియు పలుకలేదు. అదే నా గుండెలో ముల్లై నిలిచెను. నవంబరులో ఆంక్ష తీసివేయబడగా, డిసెంబరులో వచ్చి, ప్రతిదినము సమాధుల తోటకు పోయి తన చేతులతోనే తల్లి సమాధికి గట్టు కట్టెను. "ఒక్క మాటయైనను చెప్పరాదా?" అంటిని. వాడు తాపీ చేతబట్టుకొని తల వంచుకొనెను. నేను మొగము త్రిప్పుకొని ఇంటికి వచ్చితిని.

మరుసటి యేడు వాడు నన్ను ఇల్లినాయి రాష్ట్రములోని తన ఇంటికి రప్పించుకొనెను. జూలై నెలలో ఒకనాడు, "బాపూ, ఓష్‌కోష్ పోదామా?" అని అడిగెను.

ఓష్‌కోష్ అనునది విస్కాన్సిన్ రాష్ట్రములోని ఒక పట్టణము. తమ చేతులతో విమానములు కట్టుకొను స్నేహితులను కూర్చి, పాల్ పోబెరెజ్నీ అను ఆయన 1953లో మిల్వాకీ నగరమందు ఒక సంఘము స్థాపించెను. వారి సంవత్సర కూటము 1970 నుండి ఓష్‌కోష్‌లో జరుగుచున్నది; 2020లో మాత్రము కరోనా వలన జరుగలేదు. ఆ వారమందు పదివేలకు పైగా విమానములు ఆ ప్రాంతమునకు వచ్చును. మనవారు జాతరకు బండ్లు కట్టుకొని పోయి బండిక్రిందనే పండుకొన్నట్లు, అక్కడివారు విమానపు రెక్కక్రింద డేరా వేసికొని కాపురముందురు.

మావాడు స్నేహితులతో కలిసి కొన్న విమానము సెస్నా 172. నాలుగు కుర్చీలే గలది. రెక్క తలపైన నుండును గనుక క్రింది పొలములు చక్కగా కనబడును. బయలుదేరక మునుపే వాడు, "రిపన్ ఊరు వచ్చినంక నాతోని మాట్లాడకు బాపూ" అని చెప్పెను. ఎందుకో అక్కడికి పోయిన తరువాత తెలిసెను.

రిపన్ నుండి విమానములు రైలుపట్టాల వెంబడి ఒకదాని వెనుక ఒకటి, అరమైలు ఎడముతో, గంటకు ఇంచుమించు 165 కిలోమీటర్ల వేగమున పోవలెను. దారిలో ఫిస్క్ అను చిన్న పల్లె కలదు. అక్కడ అధికారులు నేలమీద కూర్చుండి ఆకాశము చూచుచుందురు. విమానపు నంబరు అడుగరు. రంగును ఆకారమును చూచి, "తెల్ల సెస్నా, రెక్కలు ఊపుము" అని రేడియోలో పిలుతురు. పిలువబడినవాడు నోటితో బదులు చెప్పకూడదు. అందరును పలికినయెడల ఎవరి మాటయు వినబడదు. రెక్కలు అటు ఇటు ఊపిన చాలును. వాడు వినెనని, లోబడెనని క్రిందివారు గ్రహింతురు.

మొదటిసారి మేము ముందరి విమానమునకు మిక్కిలి దగ్గరగా పోతిమి. తిరిగి రిపన్‌కు పోయి వరుసలో రమ్మని ఆజ్ఞ వచ్చెను. గమ్యము ఇంచుమించు కన్నులయెదుటనే యున్నది. నేనైతే వాదించియుందును. వాడు రెక్కలు ఊపి, గొణుగక వెనుకకు మరలెను. రెండవసారి పిలుపు రాగా మరల ఊపెను. "బాగుగా ఊపితివి, ఓష్‌కోష్‌కు స్వాగతము" అని రేడియోలో వినబడెను. ఒకే దారిమీద ఒకటికంటె ఎక్కువ విమానములు దిగుటకు వీలుగా, అక్కడ నేలమీద రంగుల చుక్కలు పెట్టియుందురు. మాకు చెప్పిన పచ్చచుక్కయొద్ద వాడు దింపెను.

గడ్డినేలపై విమానము నిలిపి, రెండు రెక్కలకును తోకకును త్రాళ్లు కట్టి మేకులకు బిగింపవలెను. అది చూచి ఎద్దును గూటమునకు కట్టుట జ్ఞాపకము వచ్చి, మా నాయన నేర్పిన పలుపుముడి వేసి చూపితిని. వాడు మిగిలిన త్రాళ్లకు అట్లే వేసెను.

ఆ రాత్రి గాలివాన వచ్చెను. డేరా ఊగిపోవుచుండగా మేల్కొని చూచితిని. ప్రక్కన వాడు లేడు. మెరుపు మెరసినప్పుడు కనబడెను. వానలో మోకరించి మేకులు దిగగొట్టుచుండెను. మాది ముగించి, ప్రక్కనున్న ముసలి దంపతుల విమానపు త్రాళ్లు కూడ బిగించెను. ఆ వంచిన తల నేనింతకు మునుపు చూచియుంటిని. సమాధుల తోటలో తాపీ పట్టుకొన్న తల అదే.

నాకు గుండె బ్రద్దలైనట్లాయెను. ఆ సమాధి గట్టు వాని దుఃఖము కాదా? దూలమునకు వ్రేలాడిన అట్టవిమానము వాని సంతోషము కాదా? ప్రతి పిలుపుకు నా కుమారుడు రెక్కలు ఊపుచునే యుండెను. నేను నోటి మాటకొరకు చెవియొగ్గి, ఆకాశమువైపు చూడనైతిని.

తెల్లవారెను. తడిసిన గడ్డిపై ఇద్దరమును చాయ త్రాగుచుంటిమి. నేనేమియు అడుగలేదు, వాని భుజముపై చేయి వేసితిని. కొంతసేపటికి వాడే పలికెను: "నీ ముడి ఊడలే బాపూ." మరికొంతసేపటికి, "అమ్మను సుత తీసుకరావాలనుకుంటి" అనెను. అంతే. నాకు చాలును.

తరువాత ఆ ప్రదర్శనలో గిరికీలు కొట్టు విమానములను ఎన్నియో చూచితిమి. అవి అన్నియు నాకు జ్ఞాపకము లేవు.

ప్రియ చదువరీ, నీ ఇంటిలోను నోరు తెరువని వాడొకడు ఉండవచ్చును. పొద్దున్నే లేచి నీ పశువులకు నీళ్లు పెట్టువాడు, నీ మందులు తెచ్చి గూటిలో పెట్టి చెప్పక పోవువాడు. జవాబు లేదని వానికి హాజరు తప్పింపకుము. తల యెత్తి చూడుము. వాడు రెక్కలు ఊపుచున్నాడేమో.