నూటొకటో మాట

మా నాయన చదువుకోలేదు. మా అమ్మా చదువుకోలేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. ప్రకాశం జిల్లాలో ఒక గవర్నమెంటు బడిలో తెలుగు చెబుతాను. ముప్పై ఆరేళ్ళొచ్చాక ఒక పోటీలో దిగాను. నూరు మాటల్లో కథ రాసే పోటీ.

కబురు ఫోనులో వచ్చింది. వారానికొక విషయం ఇస్తారు. దాని మీద సరిగ్గా నూరు మాటల్లో కథ రాసి పంపాలి. నూటొకటి కాకూడదు, తొంభై తొమ్మిదీ కాకూడదు. ఈ లెక్క 1980లలో బ్రిటన్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానులు పెట్టుకున్నది. డ్రాబుల్ అన్నారు దాన్ని. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పట్టేది తెలుగులో 'రానివ్వలేదంటున్నారు' అని ఒక్క మాటలో ఇమిడిపోతుంది. క్లాసులో సంధులు చెప్పేదాన్ని, నాకిది కలిసొచ్చింది.

ఆ వారం విషయం 'చెప్పులు'. నమూనాగా హెమింగ్వే కథ అంటూ ఒకటి చూపించారు. పసిబిడ్డ బూట్ల అమ్మకం మీద ఆరే ఆరు ఇంగ్లీషు మాటలు. అది ఆయన రాశాడనడానికి రుజువు లేదు. ఆయన 1961లో పోయాడు. ఆయన పేరుతో ఆ కథ అచ్చులో కనబడింది 1991లో. ఎవరిదో కథ, పేరు మాత్రం పెద్దాయనది. ఇది మాకు కొత్తేం కాదు. మా తాత తోలు పదునుచేసి, కోసి, కుడితే ఊళ్ళో అందరూ 'ఆసామిగారి కిర్రుచెప్పులు' అనేవాళ్ళు గాని, మా తాత చెప్పులు అన్నవాళ్ళు లేరు.

చెప్పులు అనగానే నాకు నాయన చెప్పిందే గుర్తొచ్చింది. 1968 ఎండాకాలం. నాయనకి పదేళ్ళు. తాత లందలో తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు, ఆరెతో పొడిచి కుట్టిన జత. ఆసామి ఇంట్లో ఇచ్చి రమ్మని పంపాడు. నాయన వాటిని చంకన పెట్టుకుని ఉత్తకాళ్ళతో నడిచాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చింతచెట్టు కాడ ఎవరూ లేరని చూసి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. పది అడుగులేశాడు. అవి కిర్రుమన్నాయి. ఆ చప్పుడే పట్టిచ్చింది. ఆ చెప్పులతోనే కొట్టారు. కొట్టి, వాటిని కడిగి తెమ్మన్నారు. అంటరానితనం నేరమని 1955లో చట్టం వచ్చి అప్పటికి పదమూడేళ్ళు.

మొదట రాస్తే రెండొందల నలభై మాటలొచ్చింది. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని తగ్గించాను. ముందు నా ఏడుపు తీసేశాను. 'పాపం', 'అయ్యో', 'ఘోరం' పోయాయి. కథ బాగుపడింది. ఎండ తీసేసి బొబ్బలు ఉంచాను. వేలు పెట్టి లెక్కపెడితే నూటొకటి. మళ్ళీ లెక్కపెట్టాను. నూటొకటే. ఒక్క మాట పోవాలి.

'మాదిగ' అన్న మాట తీసేశాను.

ఇది ఒప్పుకోవాలి. అంతకన్నా దారి లేక కాదు. 'గబగబా' అన్న మాట తీసినా సరిపోయేది. చెయ్యి దాని మీదకే పోయింది. ఉద్యోగంలో చేరిన రోజు స్టాఫ్‌రూములో 'మీరేమిట్లు టీచరుగారూ?' అని అడిగితే, గంట కొట్టారండీ అని లేచొచ్చేసినదాన్ని. అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఇంటిపేరు మింగినదాన్ని. చదువుతో పాటు ఈ విద్య కూడా వచ్చింది నాకు. చెప్పకుండా చెప్పడమే చిన్నకథ అని పోటీవాళ్ళు అన్న మాట నాకు మంచి సాకు దొరికింది.

కథ మెచ్చుకున్నారు. ఆ వారం మంచి కథల్లో చేర్చారు. 'పేదరికాన్ని హృద్యంగా చిత్రించారు' అన్నారొకరు. 'దొంగతనానికి అంత శిక్షా?' అన్నారు ఇంకొకరు. దొంగతనం! మా తాత కుట్టిన చెప్పుల్లో మా నాయన కాళ్ళు పెడితే.

ఆదివారం ఊరికి పోయి నాయనకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"బాగుందమ్మా. మరి ఎందుకు కొట్టినారో రాయలేదే?"

"అందరికీ అర్థమవుద్దిలే నాయనా."

"ఎవురికి అర్థమవుద్దే? మనకి అర్థమవుద్ది. మనకి నువ్వు చెప్పేదేముంది?"

"నూరు మాటలే రాయాలంట. చోటు లేదు నాయనా."

"చోటు లేదా!" అని నవ్వాడు. "బళ్ళో మాకూ అదే చెప్పినారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారంచేడు మొన్న 2022లో బాపట్ల జిల్లాలోకి పోయిందిగాని అంతకుముందు మా జిల్లాలోదే. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు కాడ. 'ఆరుగురు పేదల్ని చంపారు' అని రాస్తే ఆ కథ అర్థమవుతుందా? ఆకలి వల్ల పోయారనుకుంటారు. రాసేవాడికీ చదివేవాడికీ ఇద్దరికీ తెలిసింది వదిలేస్తే కథ చిన్నదవుతుంది. ఒకరికి మాత్రమే తెలిసింది వదిలేస్తే అబద్ధమవుతుంది.

తీసేసిన మాట మళ్ళీ పెట్టి పంపాను. నూటొకటి. రెండు రోజులకి జవాబొచ్చింది. 'చాలా బాగుందండీ. కాకపోతే ఒక మాట ఎక్కువైంది. ఆ కులం మాట తీసేస్తే సరిగ్గా నూరవుతుంది, కథ అందరిదీ అవుతుంది.'

నా చెయ్యి పోయిన చోటికే వాళ్ళ చెయ్యీ పోయింది. 'గబగబా' వాళ్ళకీ కనబడలేదు.

తీయనని రాశాను. చెల్లదన్నారు. చెల్లకపోతే పోయింది.

చిన్నకథ మీద నాకు కోపం లేదు. ఏడుపు తీసేస్తే దెబ్బ కనబడుతుందని నేర్పింది అదే. ఇప్పుడు మా ఎనిమిదో తరగతి పిల్లలతో నూరు మాటల కథలు రాయిస్తున్నాను. వాళ్ళకి ఒకటే చెబుతాను. మాట తగ్గించాల్సి వచ్చినప్పుడు మీ చెయ్యి ముందుగా దేని మీదకి పోయిందో చూసుకోండి. అది మాత్రం కొట్టేయొద్దు.

మొన్న బడికి కొత్తగా బదిలీ మీద ఒకామె వచ్చింది. అన్నం తినేటప్పుడు నెమ్మదిగా అడిగింది, "మీరేమిట్లండీ?"

"మాదిగోళ్ళమండీ" అన్నాను.

తెలుగులో అది ఒక్క మాటే.