రీల్‌లో ముద్దు, ఎక్స్‌రేలో జబ్బు

మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు చెప్పేముందు ఫోన్ తీస్తారు. కుక్కపిల్ల గురక పెడుతున్న వీడియో ఒకరిది. వెనకకాళ్లు రెండూ కలిపి గెంతుతున్న రీల్ ఇంకొకరిది. "భలే ముద్దుగా చేస్తుంది కదా సార్!" అంటారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పెరిగే కుక్కలకు వైద్యం చేసే నాకు మాత్రం ఆ వీడియోల్లోనే రోగలక్షణాలు కనిపిస్తుంటాయి.

మే నెలలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన పగ్‌ను సాయంత్రం నడకకు తీసుకెళ్లాడు. ఎండ వాలింది గానీ తారురోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. రెండు వీధులు తిరిగేసరికి కుక్క కూలబడింది. మా టేబుల్ మీదకు వచ్చేసరికి నాలుక నీలంగా ఉంది, థర్మామీటర్ 107 చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నోటి తడి ఆరబెట్టుకునే వేడి దించుకోవాలి. పగ్‌లలో చాలావాటికి ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా ఉంటాయి. తరతరాలుగా మూతిని పొట్టి చేస్తూ వచ్చారు గానీ, లోపలి మెత్తటి అంగిలి ఆ మేరకు తగ్గలేదు. అది గొంతులోకి వేలాడి గాలికి అడ్డుపడుతుంది. ఇంట్లో అందరూ మురిసిపోయే గురక అదే.

తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి దాన్ని బతికించాం. తర్వాత ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలిని కొంత కత్తిరించాం. ఇప్పుడు కాస్త తెరిపిన పడింది. అయితే పుట్టుకతోనే ఇరుకైన శ్వాసనాళాన్ని ఏ సర్జనూ పెద్దది చేయలేడు. 2003లో హచ్ మొబైల్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ దేశం మొత్తానికి నచ్చింది. ఇప్పుడు ఆ మోజు ఫ్రెంచ్ బుల్‌డాగ్ మీదకు మళ్లింది. జాతి మారింది, ఊపిరాడని బాధ మారలేదు.

మణికొండ నుంచి వచ్చిన ఎనిమిది నెలల లాబ్రడార్‌ది మరో కథ. మెట్లెక్కమంటే కూర్చుండిపోతోంది. "కాళ్లు బలహీనంగా ఉన్నాయని కాల్షియం పోస్తున్నాం డాక్టర్ గారూ" అన్నారు ఇంటావిడ. మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీస్తే తుంటి గిన్నె లోతు లేకుండా ఉంది. తొడ ఎముక తల అందులో కుదురుగా కూర్చోవడం లేదు. దీన్నే హిప్ డిస్‌ప్లేసియా అంటాం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎన్నో జన్యువులు కలిసి తెచ్చే లోపమిది, కాల్షియంతో నయం కాదు. పైగా పెరిగే వయసులో పెద్దజాతి పిల్లలకు అతిగా కాల్షియం ఇస్తే ఎముకలకే చేటు. జారే టైల్స్ మీద చాపలు పరిపించాం, బరువు తగ్గించాం, నొప్పికి మందులిచ్చాం. ఇవి బాధను తగ్గిస్తాయి, కీలును మార్చవు.

అన్నిటికన్నా కష్టమైన కేసు 'టీకప్' పొమరేనియన్. అసలు అలాంటి జాతే లేదు. బక్కపిల్లల్ని ఏరి, వాటినే జత కట్టిస్తూ పోతే వచ్చే సరుకుకు అమ్మేవాళ్లు పెట్టిన పేరది. దాన్ని మా దగ్గరికి తెచ్చిన దంపతులు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి బుక్ చేశారట. పిల్లకు నెల దాటగానే అమ్మినవాడు ఇంటికి తెచ్చిచ్చాడు. గుండ్రటి పెద్ద తల, ఎడంగా ఉన్న కళ్లు, అచ్చం బొమ్మలా ఉంది. నడినెత్తి మీద వేలు పెడితే ఎముక కలవలేదు. మెదడులో నీరు చేరి, ఒకే వైపుకు గిరగిరా తిరుగుతోంది. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చాం, దక్కలేదు. సంగతి చెబితే అమ్మినవాడు ఇంకో పిల్లను ఇస్తానన్నాడు. అదే తల్లి మళ్లీ ఈనబోతోందట.

ఇందులో నన్ను కలవరపెట్టేది ఆ చివరి మాటే. చాలా జన్యులోపాలు తల్లిలోనూ తండ్రిలోనూ బయటపడకుండా దాగి ఉంటాయి. అలాంటి జత కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. దగ్గరి రక్తమైతే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మేనరికాల గురించి మన ఇళ్లలో డాక్టర్లు చేసే హెచ్చరికే ఇది. కుక్కల దగ్గరకొచ్చేసరికి అన్నాచెల్లెళ్లను కలిపి 'ప్యూర్ లైన్' అని ఎక్కువ ధర చెబుతారు.

2017లో కేంద్రం తెచ్చిన నియమాలు ఇలాంటి రక్తసంబంధపు జతలను నిషేధించాయి. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాకే జత కట్టించాలి, ఏడాదికి ఒక్క ఈతే ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెదర్లాండ్స్ ఇంకో అడుగు ముందుకేసి, మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలతో పిల్లలు పుట్టించడాన్నే ఆపింది. మన దగ్గర నియమం ఉన్నా అడిగేవాళ్లు లేరు. అడగాల్సిన మొదటి మనిషి కొనేవాడే.

తల్లిని ఎదురుగా చూపించమనండి. కుదరదంటే అక్కడితో బేరం ఆపేయండి. రిజిస్ట్రేషన్ కాగితం, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, గుండె, కళ్ల పరీక్షల రిపోర్టులు అడగండి. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ తాతముత్తాతల పేర్లు చెబుతుంది తప్ప తుంటి ఎలా ఉందో చెప్పదు. జాతి పట్టింపు లేకపోతే దేశీ పిల్లను దత్తత తీసుకోండి. మన వీధికుక్కల్లో పగ్ గురక నేనింతవరకు వినలేదు. టీకాల కోసం ఎలాగూ మా దగ్గరికి వస్తారు. ఆ రావడమేదో కుక్కను కొనే ముందే, ఒట్టి చేతులతో ఒకసారి రండి. చాలా జబ్బుల విషయంలో మేం నిజంగా పనికొచ్చేది అప్పుడే.