నలభై ఏళ్ళ బాకీ

ఉపాధ్యాయుడు విద్యార్థికి బాకీపడటం అరుదైన సంగతేమీ కాదు. ఆ బాకీని ఒప్పుకోవటమే కొంచెం అరుదు. అటువంటిది ఒకటి నా నెత్తిన నలభై ఏళ్ళుగా ఉన్నది. తీర్చవలసినవాడు ఎక్కడ ఉన్నాడో తెలియదు కనుక ఇక్కడ వ్రాసుకొంటున్నాను.

1986వ సంవత్సరం. హేలీ తోకచుక్క వచ్చిన ఏడు. నేను తెలుగు పండితునిగా కొలువులో చేరి రెండేళ్ళైనా నిండలేదు. సామాన్యశాస్త్రం మాస్టారు తోకచుక్కను గూర్చి చెబుతూ, సూర్యుడు కూడా ఎప్పటికో ఒకప్పటికి ఆరిపోతాడని చెప్పారట. ఆ తరువాతి పీరియడు నాది. పద్యం అప్పజెప్పమని లేపితే తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, "సూర్యుడే పోతాడంటండి. అప్పుడీ పద్యాలన్నీ ఏమైపోతాయండీ? కంఠస్థం చెయ్యడం దేనికండీ?" అన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నాకు రోషం వచ్చింది. "పద్యం రాకపోతే నెపం సూర్యుడి మీద పెడతావా?" అని పీరియడంతా నిలబెట్టాను. మరునాడు తప్పు లేకుండా అప్పజెప్పాడు. కాని ఆ ఏడాదిలో మరి నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. నన్ను నేటికీ పొడిచేది ఆ మౌనమే.

2025 దీపావళి మరునాటి రాత్రి మా మనవడితో డాబా మీద పడుకొని ఉన్నాను. చంద్రుడు లేడు. నడినెత్తిన పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల నాలుగు చుక్కలు మంచం కోళ్ళవలె నిలిచి ఉన్నవి. ఆ మంచానికి ఈశాన్యపు కోడు నుండి బయలుదేరి ఉత్తరంగా రెండు మూడు చుక్కలు దాటితే, ఊదితే చెదిరిపోతుందా అన్నట్లు ఒక మసక మరక కనబడుతుంది. అది ఆండ్రోమెడా నక్షత్రమండలి, మన పాలపుంతకు పొరుగున ఉన్న పెద్ద గెలాక్సీ. మన కంటికి ఆనిన ఆ వెలుగు అక్కడ బయలుదేరి 25 లక్షల సంవత్సరాలైంది.

"తాతయ్యా, అది వచ్చి మనల్ని గుద్దేస్తుందట కదా?" అన్నాడు వాడు.

నలభై ఏళ్ళకు మళ్ళీ అదే ప్రశ్న, వేరొక గొంతుతో! ఈసారి తొందరపడలేదు. రేపు చెబుతానని మాట ఇచ్చి, మరునాడంతా కూర్చొని చదివాను.

ఆండ్రోమెడా మనవైపు సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మాట నిజమే. సుమారు 400 కోట్ల సంవత్సరాలకు రెండూ ఢీకొనటం తథ్యమని 2012లో హబుల్ దూరదర్శిని కొలతలను బట్టి ప్రకటించారు. అయితే 2025 జూన్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన టిల్ సవాలా బృందం గణితాన్ని మళ్ళీ వేసింది. కొలతలలో ఉండగల తేడాలను, పెద్ద మెజిల్లాన్ మేఘమనే చిన్న గెలాక్సీ పాలపుంతను పక్కకు లాగే తీరును లెక్కలోకి తీసుకొని, కంప్యూటరుపై లక్షమార్లు నడిపి చూస్తే, రాబోయే 1000 కోట్ల సంవత్సరాలలో ఆ రెండూ కలిసిపోయే అవకాశం సగానికి సగమేనని తేలింది. పదమూడేళ్ళలో తథ్యం కాస్తా సందేహమైంది. జీవితమంతా 'ఇదే సరైన జవాబు' అని ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి. ఆ వార్త చదివి నాకు సంతోషమే కలిగింది.

కలిసినా నక్షత్రాలు నక్షత్రాలకు తగలవు. సూర్యుణ్ణి ఆవగింజంత చేసి రాజమండ్రిలో ఉంచితే, అతనికి అతి దగ్గరి నక్షత్రం కాకినాడలో అంతకంటే చిన్న నలుసు. మధ్యలో అంతా ఖాళీయే.

మనకు అసలు గండం పొరుగువాడి వల్ల కాదు, ఇంటి పెద్ద వల్లనే. సూర్యుని వెలుగు నూరు కోట్ల సంవత్సరాలకు దాదాపు పదవ వంతు చొప్పున పెరుగుతున్నది. ఆ వేడికి వానలు హెచ్చి, రాళ్ళు త్వరగా అరిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తమలోకి లాగివేసుకొంటాయి. నేడు అది గాలిలో లక్షకు 42 పాళ్ళు దాటి మనలను భయపెడుతున్నది. ఆనాడు మొక్కలకు ఆహారం లేనంతగా తగ్గిపోతుంది. ముందుగా వరి, గోధుమ, చాలా మట్టుకు చెట్లు. తరువాత ఎంతో తక్కువ వాయువుతోనే బ్రతకగల జొన్న, మొక్కజొన్న, చెరకు వంటివి. ఇది 60 కోట్ల సంవత్సరాలకని కొందరి లెక్క, నూరు కోట్లు దాటాకనే అని మరికొందరి లెక్క. ఆపైన సముద్రాలు ఆవిరైపోతాయి. సూర్యుడు ఎర్రగా ఉబ్బేది అటుతరువాత ఎప్పుడో, సుమారు 500 కోట్ల ఏళ్ళకు. వరి తింటూ జొన్నను చిన్నచూపు చూసిన మా కోనసీమవారికి ఇదొక పాఠం!

ఇక్కడ నా పాండిత్యం ఊరకుండదు కదా. ప్రళయకాలంలో ఏడుగురు సూర్యులు లేచి సముద్రాలను ఇంకించివేస్తారని పురాణాలు చెప్పాయి. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయస్సు 454 కోట్లు. చూశారా, అన్నీ మనవాళ్ళు ఏనాడో చెప్పారని చంకలు గుద్దుకోవచ్చు. కాని అదే పురాణగణనలో ఈ కల్పంలో గడిచినవి 197 కోట్లే. రెండు అంకెలు దగ్గరపడినంతలో అది శాస్త్రం కాదు. ఇక ఏడుగురు సూర్యులు అక్కరలేదు, ఉన్న ఒక్కడే చాలు.

మరి మన పెద్దల గొప్ప ఎక్కడ? మా నాన్నగారు నిత్యం చెప్పుకొనే సంకల్పంలో అది నాకు కనబడింది. శ్వేతవరాహకల్పంతో మొదలుపెట్టి, మన్వంతరం, యుగం, దాని పాదం, సంవత్సరం, మాసం, తిథి దాకా దిగి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నారో చెప్పుకొని, చివరికి తన గోత్రమూ పేరూ చెప్పి ఆయన చేసిన పని ఏమిటి? ఉద్ధరిణెడు నీళ్ళు వదలటం. అన్ని కోట్ల ఏళ్ళను తలచిన నోటితోనే ఆ చిన్న పనిని చెప్పుకొన్నారు. కల్పం పెద్దదని నీళ్ళు మానలేదు, నీళ్ళు చిన్నవని కల్పాన్ని మరువలేదు.

ఆ రాత్రి మనవడికి ఇదంతా చెప్పాను. వాడు ఎంతవరకు విన్నాడో గాని, "అయితే మనకి బోలెడు టైముంది కదా తాతయ్యా" అని, బడిలో నేర్చిన పద్యం ఒకటి అందుకొన్నాడు. రెండవ పాదంలో యతి దగ్గర తడబడ్డాడు. దిద్దాను. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

ఆనాటి కుర్రవాడికి ఇప్పుడు యాభై మూడేళ్ళు ఉండవచ్చు. నాయనా, పద్యాలు ఏమైపోతాయని అడిగావు. పోతాయి. సూర్యుని కంటే చాలా ముందే, చదివే నోరు లేక పోతాయి. అందుకే ఉన్నన్నాళ్ళూ ఒక నోటినుంచి ఒక నోటికి అందించాలి. ఈ మాట ఆనాడు నాకు తెలియదు. తెలియదని చెప్పవలసింది పోయి నిన్ను నిలబెట్టాను. నీ ప్రశ్న ఒప్పు, నా శిక్ష తప్పు.

ఇప్పుడు కూర్చో, నాయనా.