సంతకం పెట్టిన డాక్టర్లు

ఫిలడెల్ఫియాలో క్రైస్ట్ చర్చి శ్మశానానికి వచ్చినవాళ్ళు ఫ్రాంక్లిన్ సమాధి మీద పెన్నీలు విసిరి వెళ్ళిపోతారు. అదే ఆవరణలో ఉన్న బెంజమిన్ రష్ దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన డాక్టరాయన. 1793లో ఎల్లో ఫీవర్ ఊరిని ఊడ్చేస్తుంటే పారిపోకుండా రోగుల మధ్యే ఉన్నాడు. వైద్యం పేరుతో ఆ రోగులకే నెత్తురు తీసి తీసి మరింత నీరసపెట్టాడు కూడా. అమెరికా చరిత్ర పుస్తకాలు రెండూ రాస్తాయి.

మద్రాసు చింతాద్రిపేటలో పుట్టి పెరిగిన నాకు ఆయన్ని తలచుకుంటే భోగరాజు పట్టాభి సీతారామయ్య గుర్తొస్తారు. మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, దాన్ని వదిలి కాంగ్రెసులోకి వచ్చేశారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీపడి బోసుకు 1580, తనకు 1377 ఓట్లతో ఓడిపోయారు. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

మా పేటలో మాత్రం ఆయన పేరెత్తితే ముందు వచ్చేది జె.వి.పి. కమిటీ మాటే. నెహ్రూ, పటేల్‌లతో పాటు ఆయనా సంతకం చేసిన 1949 నివేదిక సారాంశం ఇది: మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం. 'మద్రాస్ మనదే' అని ఊరేగింపుల్లో తిరిగిన మా తాతయ్య అరుగు మీద కూర్చుని, "చేతులారా వదిలేసుకున్నాం గదరా" అనేవాడు. 1734లో సుంకురామ శెట్టి తోటలో, కూవం ఒడ్డున, నేతగాళ్ళ కోసం వెలసిన పేట మాది. తాతయ్య మాట మాకు గట్టిగానే తగిలేది.

కానీ నగరంలో తమిళులదే మెజారిటీ. అది తెలిసీ ఆశపెట్టడం తేలిక. తనవాళ్ళ ముందు ఒప్పుకోవడం కష్టం. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక, 1953 అక్టోబరు 1న వచ్చిన రాష్ట్రం కూడా మద్రాసు లేకుండానే వచ్చింది.

నెత్తురు తీసిన రష్‌ను అమెరికా ఆ ఒక్క తప్పుతో తూచలేదు. పట్టాభిని మనం ఒక్క సంతకంతో తూచడం అన్యాయం. అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉంటూ ఆయన రాసిన 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' దొరికితే చదవండి. తీర్పు ఆ తర్వాత చెప్పండి.