కెమెరా ఆపేసిన మొదటి వారం

2020 జూన్‌లో మా టీమ్‌లో ముగ్గురు కొత్తవాళ్లు చేరారు. అమ్మాయిది జనగామ, ఒకబ్బాయిది మహబూబాబాద్ పక్కన పల్లె, ఇంకో అబ్బాయిది భూపాలపల్లి సింగరేణి క్వార్టర్స్. మామూలు రోజులైతే హైదరాబాద్ ఆఫీసులో నా పక్కన కూర్చోవాల్సినవాళ్లు. లాక్‌డౌన్‌లో ఎవరింట్లో వాళ్లు చిక్కుకున్నారు. నేనూ హన్మకొండలో అమ్మవాళ్లింటి నుంచే పనిచేస్తున్నా.  

ల్యాప్‌టాప్‌లు కొరియర్‌లో వెళ్లాయి. జనగామకు తొందరగానే అందింది. భూపాలపల్లి పార్శిల్ మాత్రం హన్మకొండలో ఆగిపోయింది. వాళ్ల నాన్న ఫస్ట్ షిఫ్ట్ దిగి, పరకాల మీదుగా బండి మీద వచ్చి పట్టుకెళ్లాడు. కొడుకు మొదటి ఉద్యోగం కదా, ఆ పెట్టెను కొత్త దుప్పట్లో చుట్టి కట్టుకున్నాడు.

మా ప్రాజెక్టు అప్పటికే వెనకబడింది. ముగ్గురొచ్చారు కాబట్టి వెంటనే పని పంచేయమని పైనుంచి ఒత్తిడి. వెనకబడ్డ ప్రాజెక్టులోకి కొత్త మనుషుల్ని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎమ్‌లో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. నేర్పే మనిషి టైమూ పోతుంది, నేర్చుకునే మనిషి పనీ సాగదు. అది తెలిసీ ఎందుకు తొందరపెడతారో నాకిప్పటికీ అర్థం కాదు. నేను మొదటి వారం ఎవరికీ పని ఇవ్వనని గట్టిగా చెప్పాను.

ఆఫీసులోనైతే కొత్తవాళ్ల మొహం చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ రోజు డేటా అయిపోతుందని కెమెరాలు ఆపేసేవాళ్లు. మహబూబాబాద్ అబ్బాయి సిగ్నల్ కోసం డాబా ఎక్కి మాట్లాడేవాడు, చుట్టుపక్కల ట్రాక్టర్ల చప్పుడు వినిపించేది. పొద్దున మీటింగ్‌లో ఎలా ఉందని అడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు: "ఓకే మేడమ్."

మూడో రోజు సాయంత్రం భూపాలపల్లి అబ్బాయికి విడిగా ఫోన్ చేసి, స్క్రీన్ షేర్ చేయమన్నాను. కొంచెంసేపు మాట లేదు. తర్వాత తెర తెరుచుకుంది. నిండా ఎర్ర అక్షరాలు. మా కోడ్‌కు జావా 11 కావాలి, అతని మెషీన్‌లో 8 ఉంది. ఎర్రర్‌లో 55, 52 అని రెండు నంబర్లు కనిపిస్తున్నాయి. మొదటిది 11కు, రెండోది 8కి గుర్తు. ఆ సంగతి మా సెటప్ డాక్యుమెంట్‌లో ఎక్కడా లేదు. పాతవాళ్లందరికీ నోటికి వచ్చు కాబట్టి ఎవరూ రాయలేదు.

"మొన్నటి నుంచి ఇదే వస్తుందా?"

"అవును మేడమ్. మీరు బిజీగా ఉంటరని అడగలే."

అతని దగ్గర లాంగ్ నోట్‌బుక్ ఉంది. కొట్టిన ప్రతి కమాండ్, వచ్చిన ప్రతి ఎర్రర్, టైముతో సహా రాసుకున్నాడు. ఫొటోలు తీసి పంపమన్నాను. అంత శ్రద్ధగా రాసినవాడు అడగడానికి జంకాడంటే నాకు కడుపు తరుక్కుపోయింది. పల్లెల నుంచి, చిన్న టౌన్ల నుంచి వచ్చిన పిల్లలు కాలేజీలో ప్రశ్న అడిగి తిట్లు తినే ఉంటారు. ఆ భయాన్ని ఉద్యోగంలోకీ తెచ్చుకుంటారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే ఒక గంట లైన్ తెరిచే ఉంచేదాన్ని. డౌట్లున్నాయా అని అడగడం మానేసి, ఎక్కడిదాకా వచ్చారో స్క్రీన్ మీద చూపించమనేదాన్ని. ఒకరి స్క్రీన్ మిగతా ఇద్దరూ చూసేవాళ్లు. శుక్రవారానికి జనగామ అమ్మాయి ఒక రిపోర్టులో తేదీ తప్పుగా వస్తుంటే సరిచేసింది. ఒకే ఒక్క లైను మార్పు. రివ్యూలో రెండు కామెంట్లు పెట్టాను, దిద్దుకుంది, అసలు కోడ్‌లో మెర్జ్ అయింది. వెంటనే అటు నుంచి "అమ్మా, నా కోడ్ పోయిందే!" అన్న కేక. మైక్ ఆపడం మర్చిపోయింది. అందరం విన్నాం, ఎంత సంతోషమేసిందో.

నోట్‌బుక్ పేజీల నుంచి ముగ్గురూ కలిసి సెటప్ డాక్యుమెంట్ మళ్లీ రాశారు. మొదటి లైను జావా వెర్షన్ చూసుకోమని. ప్రాజెక్టు ఆలస్యంగానే పూర్తయింది, కానీ చివరి రెండు మాడ్యూళ్లు ఈ ముగ్గురి చేతుల మీదుగానే నడిచాయి. మరుసటి ఏడాది కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు మొదటి వారం భూపాలపల్లి అబ్బాయికే అప్పజెప్పాను. నేను లైన్‌లో ఊరికే వింటున్నా. అతను అడిగిన మొదటి మాట: "తమ్మీ, ముందు నీ స్క్రీన్ చూపియ్యి."