చిలుము పట్టిన తీగ



బండి మొరాయించినదనగానే నేరమంతా బ్యాటరీపై మోపుట పరిపాటి. మా కొండపల్లిలో ఒక మెకానిక్కు కూడా అదే తీర్పు చెప్పినాడు. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతీ 800 కదా, అమ్మివేయుడని ఉచిత సలహా వేరే! వారానికి రెండుమార్లు నా అర్ధాంగిని బెజవాడ వైద్యశాలకు చేర్చునది ఆ బండియే. అందుచేత మల్టీమీటరు నేనే పట్టితిని.

పూర్తిగా నిండిన బ్యాటరీ విశ్రాంతిలో ఇంచుమించు 12.6 వోల్టులు చూపవలె, మాది చూపినది. సెల్ఫు వేయునపుడు సుమారు 9.6 కన్న దిగినచో అది నీరసించినట్లు. ఇంటావిడ తాళం త్రిప్పగా బండి "టక్కు"మన్నదే గాని, మీటరులో అంకె 12కు దిగువకు రాలేదు. అనగా శక్తి ఉన్నది, మోటారుకు చేరుటలేదు! పిమ్మట మీటరు కొనలలో ఒకటి బ్యాటరీ ఋణధ్రువంపైన, రెండవది ఇంజను లోహంపైన ఆనించి మరల త్రిప్పించితిని. అక్కడ అర వోల్టు మించరాదు, 8 దాటినది.

దోషం ఎర్తు తీగది. (వ్యాకరణమున వలెనే ఇక్కడను సంధిస్థలమును చూడవలె.) బ్యాటరీ ఋణధ్రువం ముందుగా విప్పి, ఇంజను వద్ద తీగ కొనకు పట్టిన చిలుమును గరుకు కాగితంతో రుద్ది, మర గట్టిగా బిగించితిని. రెండవ త్రిప్పుకే ఇంజను అందుకొన్నది. కొత్త బ్యాటరీకని తీసిన సొమ్ము బీరువాలోనే ఉన్నది.